తలుపు ఎటు తెరుచుకోవాలి

ఫిబ్రవరి 12, బుధవారం

చక్రాల కుర్చీ వెడల్పు ఇరవై ఐదున్నర అంగుళాలు. మా పడకగదిలోని బాత్రూం గుమ్మం ఇరవై నాలుగు.

పునరావాస కేంద్రంలో థెరపిస్టు ఇవాళ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. జనవరిలో పక్షవాతంతో పడిపోయిన మా ఆయనకి మాట దాదాపు తిరిగొచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు ఇంకా మొండికేస్తున్నాయి. "ఏప్రిల్ మధ్యకల్లా ఇంటికి తీసుకెళ్ళొచ్చండీ, ఇల్లు సిద్ధంగా ఉంటే" అంది. ఇల్లు సిద్ధంగా ఉంటే అన్న మాట మూడుసార్లు అంది. ఏమేం కొలవాలో కాగితం మీద రాసిచ్చింది.

ఇరవై ఆరేళ్ళుగా సర్వే ఆఫీసులో పటాలు గీస్తున్నాను. ఊళ్ళకు ఊళ్ళే కాగితం మీదికి దించాను. నా ఇంటి గుమ్మం ఎంతో ఇవాళే తెలిసింది.

ఈ నోటుబుక్కు కొలతల కోసం కొన్నాను. కొలతలు తప్ప ఇంకేమీ రాయను.

ఫిబ్రవరి 13

వీధి తలుపు ముప్పై ఆరు, ఇబ్బంది లేదు. వంటింటి గుమ్మం ముప్పై. పడకగది ముప్పై రెండు. మంచానికీ బీరువాకీ మధ్య పంతొమ్మిది. మామూలు మనిషే పక్కకు తిరిగి నడవాలి. స్విచ్చులు నేల నుంచి యాభై నాలుగు, కూర్చుంటే అందవు. బాల్కనీ పిట్టగోడ నలభై ఎనిమిది. కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను. గోడ తప్ప ఏమీ కనిపించలేదు. పదిహేడో అంతస్తులో ఉండి గోడ చూస్తూ కూర్చోవాలన్నమాట.

బాత్రూం లోపల రేపు కొలుస్తాను.

ఫిబ్రవరి 14

ఆఫీసులో పని ఎక్కువైంది. బాత్రూం రేపు.

ఫిబ్రవరి 15

రేపు.

ఫిబ్రవరి 17

వదిన వచ్చారు. ఆయనకి అక్క. పెళ్ళయిన ముప్పై ఏళ్ళకి కూడా ఆవిడ గుమ్మంలో కనిపిస్తే నేను చీర సర్దుకుంటాను.

కూర్చోకుండానే మొదలుపెట్టారు. "ఇది అమ్మేసి మా వీధిలో కింది వాటా తీసుకోండి. లిఫ్టు ఆగిపోయిందనుకో, నా తమ్ముణ్ణి వీపున వేసుకుని దిగుతావా?"

"లిఫ్టులు రెండున్నాయి వదినా."

"రెండూ ఆగితే?"

టేపు రెండో కొస ఆవిడ చేతికిచ్చి బాత్రూంలోకి తీసుకెళ్ళాను. ఆవిడ ఉన్నారు కాబట్టి లోపలికి వెళ్ళగలిగాను. పొడవు ఎనిమిదడుగులు, వెడల్పు ఐదున్నర. గడప దగ్గర లోపలి నేల బయటికంటే నాలుగు అంగుళాలు పైకి ఉంది. ఇన్నేళ్ళూ కాలు దానంతటదే ఎత్తుకుని పడేది కాబట్టి తెలియలేదు.

"ఎక్కడ పడ్డాడు?" అన్నారు వదిన.

"ఇక్కడే. తలుపు వెనకాల."

తలుపు ఇప్పుడు లేదు. ఆ రోజు లోపలికి తోస్తే ఆయన భుజానికి తగిలి ఆగిపోయింది. సెక్యూరిటీ వాళ్ళు పై చెక్క బద్దలుకొట్టి, ఒకతను పైనుంచి లోపలికి దిగి ఆయన్ని పక్కకు జరిపాడు. అప్పటినుంచీ గుమ్మానికి దుప్పటి కట్టి ఉంచాను.

"ఎంతసేపు పడున్నాడు?"

"తెలియదు వదినా."

తెలుసు. వాషింగ్ మిషను నలభై ఐదు నిమిషాలు తిరుగుతుంది. దాని చప్పుడు ఇంట్లోకి రాకూడదని నేను బాల్కనీ అద్దం తలుపు మూసుకుని అక్కడే కూర్చుని పత్రిక చదువుకుంటున్నాను.

ఫిబ్రవరి 20

తాపీ మేస్త్రి వచ్చాడు. సుత్తి వెనక వైపుతో గోడలన్నీ తట్టుకుంటూ పోయాడు, డాక్టరు వీపు తట్టి చూసినట్టు. బాత్రూం గుమ్మానికి కుడివైపు గోడ దగ్గర ఆగి తల అడ్డంగా ఊపాడు.

"దీని జోలికి పోవద్దమ్మా. లోపలంతా కాంక్రీటు. పైన ఉన్న ఐదంతస్తులూ దీన్ని పట్టుకునే నించున్నాయి. ఎడమపక్క ఇటుకే. అటు పది అంగుళాలు కొట్టేసి గుమ్మం ముప్పై నాలుగు చేద్దాం. చేతులు కడుక్కునే బేసిను మాత్రం అవతలి మూలకి పోతుంది."

"సరే."

"తలుపు చెక్కదా, ఫైబరుదా?"

"తలుపు వద్దు. తెర చాలు."

పెన్సిలు చెవి మీద పెట్టుకుని నావైపు చూశాడు. "బాత్రూంకా అమ్మా?"

"ఇంట్లో ఉండేది ఇద్దరమే కదా."

రాసుకున్నాడు.

ఫిబ్రవరి 24

పటం గీయడం పూర్తయింది. అంగుళానికి రెండడుగుల కొలత. కుర్చీ ఆకారంలో అట్టముక్క కత్తిరించి పటం మీద అటూ ఇటూ తిప్పి చూశాను. బీరువా తీసేస్తే మంచం పక్కన దారి వస్తుంది. స్విచ్చులన్నీ మూడున్నర అడుగులకు దించాలి. వాషింగ్ మిషను బాల్కనీ నుంచి వంటింట్లోకి వస్తుంది. పడకగది తలుపు తీసేస్తాను. వంటింటికీ హాలుకీ మధ్య చెక్క అడ్డు తీసేస్తాను. అప్పుడు పొయ్యి దగ్గర నిలబడితే మంచం కనిపిస్తుంది, బట్టలు ఉతుకుతున్నా మంచం కనిపిస్తుంది, సోఫాలోంచి కూడా కనిపిస్తుంది.

ఆయన సౌకర్యం కోసమే ఇదంతా.

ఫిబ్రవరి 27

అపార్టుమెంటు సంఘం కార్యదర్శిని కలిశాను. పని వేళలు పది నుంచి ఐదు. సామాను సర్వీసు లిఫ్టులోనే. బాత్రూం నేల దించాలంటే పైపు కింది ఫ్లాటు కప్పులోంచి మార్చాలి కాబట్టి, పదహారో అంతస్తు ఆయన సంతకం కావాలి.

ఆయన్ని అందరూ నోటీసుల పెద్దాయన అంటారు. లిఫ్టులో కనిపించే కాగితాలన్నీ ఆయనవే. చెప్పుల చప్పుడు గురించి ఒకటి, పూలకుండీల నీళ్ళ గురించి ఒకటి.

మార్చి 2

"సంతకం పెట్టను" అన్నాడు నోటీసుల పెద్దాయన. తలుపు సగమే తెరిచాడు. "కిందటి నెలే కప్పుకి పలకలు వేయించుకున్నానమ్మా. మళ్ళీ విప్పించలేను. మీ ఆయన కష్టం నాకు తెలుసు. కానీ పెట్టను."

మెట్ల మీద ఏడుస్తానేమోనని లిఫ్టు ఎక్కాను. లిఫ్టులో ఎవరో ఉన్నారు. అందుకని ఏడవలేదు.

మార్చి 3

మేస్త్రికి ఫోన్ చేశాను. "లోపలి నేల దించలేకపోతే బయటి నేల లేపుదాం, అదేం పెద్ద పనమ్మా. నాలుగు అంగుళాలకి నాలుగడుగుల ఏటవాలు" అన్నాడు. పటం మార్చాను. గుమ్మం ముందు నాలుగడుగుల ర్యాంపు సరిగ్గా సరిపోయింది.

మార్చి 5, బుధవారం

పటం తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ముప్పై మూడేళ్ళు దూరప్రయాణాల బస్సు నడిపిన మనిషి. చివరి ఆరేళ్ళు కొత్త డ్రైవర్లకు నేర్పాడు. నా పటాలంటే ఎప్పుడూ వేళాకోళమే. "నువ్వు గీసిన రోడ్డు మీద నేను బండి నడిపితే తెలుస్తుంది" అంటూ ఉండేవాడు.

అట్టముక్క కుర్చీని కుడిచేతి రెండు వేళ్ళతో పట్టుకుని, మంచం దగ్గర్నుంచి బయల్దేరదీశాడు. ర్యాంపు దగ్గర ఆపేశాడు.

"ఇక్కడ బండి పడిపోద్ది."

"ఎందుకు పడుతుంది? కొలిచే గీశాను."

"కొలత కరెక్టే. ఎత్తు ఎక్కుతూ మలుపు తిప్పమంటున్నావ్. ఎక్కుడు మీద స్టీరింగ్ తిప్పినోడు లోయలో ఉంటాడు." మాట నెమ్మదిగా, ఒక్కో ముక్కా ఏరుకుంటూ వస్తోంది. కానీ గొంతు పాతదే. పాఠం చెప్పే గొంతు. "ముందు తిన్నగా ఎక్కించు. పైకొచ్చాక చదును ఇవ్వు, ఐదడుగులు. అక్కడ తిప్పుకుని లోపలికి పోతా."

థెరపిస్టు వంగి చూసి, "ఆయన చెప్పిందే రైటండీ" అంది.

బీరువా పోయిన గోడ వెంట తిన్నగా ర్యాంపు, గుమ్మం ముందు ఐదడుగుల చదును. అక్కడికక్కడే గీశాను. రెండు నెలల తర్వాత ఆయన నా మీద గెలిచాడు. ఆ ముఖం చూసి నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

తర్వాత పటం మీద వేలు పెట్టి, "తలుపేది?" అన్నాడు.

"తెర పెడుతున్నా."

"పడగ్గదికి?"

"అదీ తీసేస్తున్నా. గాలి బాగా ఆడుతుంది."

అట్టముక్కని పటం పక్కన పెట్టేసి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

మార్చి 6

తెర సంగతి ఆయనకు అలవాటవుతుంది.

మార్చి 7

గాలి నిజంగానే బాగా ఆడుతుంది.

మార్చి 9, ఆదివారం

ఇవాళ ఇంటికి తీసుకొచ్చారు. రెండు గంటలకే. పని మొదలుపెట్టే ముందు ఇంట్లో ఒకసారి తిప్పి చూడాలని థెరపిస్టే ఏర్పాటు చేసింది. నేను నిన్ననే నేల మీద రంగు టేపులు అంటించి పెట్టాను: ఇది ర్యాంపు, ఇది చదును, ఇక్కడ మంచం.

లిఫ్టు తలుపులు తెరుచుకోగానే ఆయన వరండాని వాసన చూశాడు. అవును, వాసనే చూశాడు. "ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు" అన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

కుర్చీ హాల్లో తిరిగింది, వంటింట్లో తిరిగింది. బాల్కనీ దగ్గర పిట్టగోడ చూసి మొహం ముడుచుకున్నాడు. పడకగది కిటికీ అడుగుభాగం కిందికి ఉంటుంది కాబట్టి మంచం అక్కడ వేద్దామని చెప్పాను. కుర్చీ అక్కడికి తోసుకెళ్ళి చూపించాను. కింద పెద్ద రోడ్డు వంపు తిరిగే చోటు కనిపించింది. ఒక బస్సు వెళ్ళింది. "వీడు గేరు లేటుగా మార్చాడు" అన్నాడు. ఇంత ఎత్తు నుంచి ఏం వినపడుతుంది! అయినా అన్నాడు.

తర్వాత బాత్రూం ముందు ఆగాం. దుప్పటి కట్టి ఉంది. థెరపిస్టు కొలతలు రాసుకోవడానికి వంటింట్లోకి వెళ్ళింది.

"నాకో తలుపు కావాలి" అన్నాడు.

"ఎందుకండీ తలుపు? నేను తప్ప ఎవరున్నారు?"

"నువ్వున్నావ్ కాబట్టే." దుప్పటి అంచు కుడిచేత్తో పక్కకు లాగాడు. "రెండు నెలల్నుంచి నన్ను ఎవరో ఒకరు కడుగుతున్నారు. ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. ఇంటికొచ్చాక ఒక్క తలుపైనా నేను వేసుకోవాలి."

"మళ్ళీ పడిపోతే?"

"పడితే పడతా."

"మీకేం, పడిపోయారు. బయట ఉన్నది నేను!" ఎంత గట్టిగా అరిచానో నాకే తెలియలేదు. వంటింట్లో థెరపిస్టు టేపు కింద పెట్టిన చప్పుడు వినపడింది. "మీరు పిలిచారు. ఎన్నిసార్లు పిలిచారో. నేను బాల్కనీ తలుపు మూసుకుని కథ చదువుకుంటున్నాను. మిషను హోరులో నాకు వినపడలేదు. ఇంక ఈ ఇంట్లో ఏ తలుపూ మూయడానికి వీల్లేదు."

ఆయన నావైపు వింతగా చూశాడు.

"నేనెప్పుడు పిలిచాను?"

"ఆ రోజు."

"పిలవలేదు."

"నా కోసం అబద్ధం చెప్పకండి."

"పిలవలేదే. నోరు పెగిలితే కదా పిలవడానికి? నువ్వు పక్క గదిలో ఉన్నా వినపడేది కాదు. చప్పుడే రాలేదు నాలోంచి." ఊపిరి తీసుకున్నాడు. "మిషను మాత్రం వినపడుతోంది. గోడలోంచి. నువ్వు ఇంట్లోనే ఉన్నావని తెలుసు. బట్టలు పిండే చప్పుడు మొదలైంది. ఇంక పది నిమిషాలే, ఆరెయ్యడానికి నన్ను పిలుస్తుంది, నేను పలకను, వస్తుంది, అనుకున్నా. మిషను ఆగింది. వచ్చావు."

నేను నేల మీద కూర్చున్నాను, టేపులు అంటించిన చోట. ఆ రోజు బట్టలు ఆరెయ్యడానికి రమ్మని పిలిచాను. నిజమే. రెండుసార్లు పిలిచి, పలకలేదని విసుక్కుంటూ వచ్చాను.

"ముందే వచ్చుంటే" అన్నాను.

"ముందే వచ్చుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. నీకూ తెలీదు. ఆ లెక్క నేను వెయ్యను. నువ్వూ వెయ్యకు." కుడిచేత్తో నా జుట్టు వెనక్కి తోశాడు. జుట్టు మొహం మీద పడి ఉందని అప్పటిదాకా నాకు తెలియలేదు. "లే. నేల చల్లగా ఉంది."

థెరపిస్టు ఎప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడిందో. గొంతు సవరించుకుని, పొడిగా పనిమాటే మాట్లాడింది. ఆ పిల్లకు దండం పెట్టాలి. "తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపల ఎవరు పడినా అడ్డం పడదు. లోపలి గడియ బయటినుంచి నాణెంతో తిప్పితే వచ్చేది దొరుకుతుంది. లోపల పట్టుకోవడానికి బిగించే కడ్డీ పక్కన ఒక బెల్లు. అంతే. తలుపు తీసేయక్కర్లేదు."

ఇంత చిన్న విషయం. ఇరవై ఆరేళ్ళు పటాలు గీసినదాన్ని. తలుపు ఎటు తెరుచుకోవాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఉండాలా వద్దా అనే ఆలోచించాను.

మార్చి 10

తెల్లారి ఎనిమిదింటికి లేచాను. ఆఫీసుకి ఆలస్యం. ఎవరూ ఏమీ అనలేదు.

మార్చి 11

పటం మళ్ళీ గీశాను. పడకగది తలుపు దాని చోట అది ఉంది. వంటింటి అడ్డు మాత్రం తీసేయమన్నాను, ఎందుకంటే అది మొదటినుంచీ నాకు నచ్చదు.

మార్చి 19

పని మొదలైంది. ఇల్లంతా సున్నం పొడి. నేను హాల్లో ఒక మూల పరుపు వేసుకున్నాను. మేస్త్రి ర్యాంపుకి ఫ్లైఓవర్ అని పేరు పెట్టాడు.

మార్చి 25

ఎల్లుండి పైపులు కలపడానికి మా వరుసలో ఇరవై రెండు అంతస్తులకూ రెండు గంటలు నీళ్ళు ఆపాలి. అందరి గుమ్మాల ముందూ నిలబడి బతిమాలాలి కాబోలని బెంగ పెట్టుకుని లిఫ్టు ఎక్కితే కాగితం అంటించి ఉంది: "గురువారం పదకొండు నుంచి ఒంటిగంట వరకు నీళ్ళు రావు. కారణం సరైనదే. ముందే పట్టుకోండి. ఎవరూ గొణగరాదు."

ఆ దస్తూరీ నాకు తెలుసు. పదహారులో దిగి తలుపు కొట్టాను. సగమే తెరిచాడు. థాంక్స్ చెప్పాను. "సంతకం మాత్రం పెట్టను" అని మూసేశాడు.

ఏప్రిల్ 6

వదిన చూడ్డానికొచ్చారు. అద్దెకి తెచ్చిన చక్రాల కుర్చీ హాల్లో ఉంది. ర్యాంపు చూసి, "ఇది ఎక్కగలడా వాడు?" అన్నారు. "మీరే చూడండి" అన్నాను. అంత ధైర్యం నాకెక్కడిదో.

వదిన కొంగు దోపుకుని కుర్చీలో కూర్చున్నారు. ఎక్కారు. చదును మీద తిప్పారు. దిగేటప్పుడు చక్రాలు పట్టుకోవడం మర్చిపోయి సర్రున జారి, మంచం పట్టెకి తగిలి ఆగారు. నేనూ మేస్త్రీ పరుగెత్తుకెళ్ళాం. ఆవిడ నవ్వుతున్నారు. ఊపిరాడనంత నవ్వు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి.

"మళ్ళీ ఎక్కనీ" అన్నారు.

వెళ్ళేముందు, "లిఫ్టుల సంగతి?" అన్నారు. సర్వీసు లిఫ్టుకి జనరేటరు ఉందని కార్యదర్శి రాసిచ్చిన కాగితం చూపించాను. చదివి, మడిచి, నాకే ఇచ్చి, "ఇంక అమ్మమని అననులే" అన్నారు.

మేస్త్రి ర్యాంపు మీద గరుకు పలకలు వేయాలని రాసుకున్నాడు.

ఏప్రిల్ 16

వడ్రంగి తలుపు బిగించి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి చూస్తే లోపలికి తెరుచుకుంటోంది. ఎల్లుండే ఆయన ఇంటికి రావడం.

ఫోన్ చేస్తే, "బాత్రూం తలుపులు లోపలికే కదండీ పెడతారు" అన్నాడు.

"మా ఇంట్లో బయటికి" అన్నాను.

ఏప్రిల్ 17

వచ్చి విప్పి, తిప్పి బిగించాడు. ముప్పైసార్లు వేసి తీశాను. నాణెంతో గడియ తిప్పి చూశాను. పక్క గదిలోంచి మేస్త్రి, "అరిగిపోద్దమ్మా" అన్నాడు.

ఏప్రిల్ 18, శుక్రవారం

వచ్చాడు.

ఒంటిగంటకి బాత్రూంలోకి వెళ్ళాడు. ర్యాంపు ఒక్కడే ఎక్కాడు, రెండుచోట్ల ఆగి. చదును మీద కుర్చీ తిప్పడానికి నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ వెళ్ళాడు. నేను చెయ్యి వేయలేదు. లోపలినుంచి తాడు పట్టుకుని లాగితే తలుపు మూసుకుంది. గడియ పడింది.

నేను బయట నిలబడ్డాను.

"అక్కడే ఉన్నావని తెలుసు" లోపలినుంచి వినపడింది. "వెళ్ళు."

వంటింట్లోకి వెళ్ళాను. కొళాయి తిప్పాను, కట్టేశాను. పన్నెండు నిమిషాలు. మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని మరీ వచ్చాడు. పాపిడి వంకరగా ఉంది. సర్దలేదు నేను.

ఏప్రిల్ 21

బెల్లు మోగింది. పరుగెత్తాను. పనిచేస్తుందో లేదో చూశాడట. తిట్టాను. తిట్టి చాలా రోజులైంది. ఇద్దరికీ బాగుంది.

ఏప్రిల్ 24

రెండు రోజులు బాగాలేదు. కాలు సహకరించడం లేదని చిరాకు, అన్నం వద్దన్నాడు, నాతో మాట్లాడలేదు. పడకగది తలుపు వేసుకుని కూర్చున్నాడు. నేను ఇవతల సోఫాలో కూర్చుని ఆఫీసు పటం గీసుకున్నాను. నాలుగింటికి తలుపు తెరిచి, "టీ ఏమైనా ఇస్తావా" అన్నాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్క నిమిషం అని సోఫాలో ఒరిగాను.

లేచేసరికి ఎండ గోడమీదికి ఎక్కి ఉంది. ఐదున్నర. మూడు గంటలు! జనవరి తర్వాత పగలు నేను కన్ను మూసింది ఇదే. గబుక్కున లేచి కూర్చున్నాను. వంటింట్లోంచి టక్, టక్ అని చప్పుడు వస్తోంది.

మేస్త్రి మిగిలిపోయిన రాయితో వంటింట్లో రెండున్నర అడుగుల ఎత్తున ఒక చిన్న గట్టు కట్టి పోయాడు. నేను అడగలేదు, పటంలోనూ లేదు. ఆయన దాని ముందు కుర్చీ పెట్టుకుని బీన్సు తరుగుతున్నాడు. ఎడమచేతిని కాయల మీద బరువుగా పెట్టాడు, కదలకుండా. కుడిచేత్తో కత్తి. ఒక ముక్క గింజంత, ఒక ముక్క వేలంత.

"లేపొచ్చు కదండీ" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు, తరుగుతూనే.

ఎందుకో ఆలోచించాను. ఏమీ తట్టలేదు. మళ్ళీ వెళ్ళి పడుకున్నాను.